ఆ రాతి మీద లేని మాట

తెనాలి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మలుకి,

అమ్మమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. తాతయ్యకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, సాయంత్రం కాలవ గట్టు దాకా నడిచి వస్తున్నారు. అక్కడ నువ్వూ, అక్కా, మీ బావా, పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

పోయిన ఆదివారం ఫోనులో నువ్వన్న మాట ఒకటి నన్ను వదలడం లేదు. "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే, "చెప్పుకోవడానికేముంది అమ్మమ్మా, ఉద్యోగం ఇంకా దొరకలేదు, అక్క పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో పడి ఉన్నాను" అన్నావు. ఇంతలో వెనక నుంచి చంటిది ఏడ్చింది, నువ్వు ఫోను పెట్టేశావు. నేను చెప్పాల్సిన జవాబు నా నోట్లోనే ఉండిపోయింది. ఆ జవాబు పెద్దది, ఫోనులో ఒదిగేది కాదు. అందుకే కాగితం ముందేసుకున్నాను.

పోయిన ఏడాది నేను లండన్ హౌన్స్‌లోలో మీ దగ్గర ఉన్నప్పుడు ఒక సాయంత్రం పిల్లాణ్ణి బండిలో కూర్చోబెట్టుకుని పక్కనున్న ఐజిల్‌వర్త్ దాకా వెళ్లాం, గుర్తుందా? అక్కడి శ్మశానవాటికలో వరసగా పొట్టి పొట్టి సమాధి రాళ్ల మధ్య ఒక్కటి మాత్రం ఎర్ర గ్రానైట్ స్తంభం, తాడిచెట్టులా నిటారుగా నిలబడి ఉంది. నువ్వు దగ్గరికెళ్లి పేరు చదివావు: ఆలిస్ ఎయిర్స్. "ఎవరమ్మమ్మా ఈవిడ? రాణిగారి బంధువా?" అని అడిగావు. ఆ రోజు నాకు తెలియదన్నాను. ఇంటికొచ్చాక ఊరుకోలేకపోయాను. ముప్పై ఏళ్లు బళ్లో సోషల్ పాఠం చెప్పినదాన్ని, తెలియదని వదిలెయ్యడం నాకు చేతకాదు. అప్పట్నుంచీ దొరికినవన్నీ చదివాను. ఆవిడ రాణిగారి బంధువు కాదమ్మా. నీలాగే అక్క ఇంట్లో ఉండి అక్క పిల్లల్ని చూసుకున్న పిల్ల. చనిపోయేనాటికి వయసు ఇరవై అయిదు. ఇప్పుడు నీ వయసు.

ఆమె 1859 సెప్టెంబర్ 12న పుట్టింది. తండ్రి జాన్ ఎయిర్స్ కూలీ. ఇటుక గోడలు కట్టే తాపీమేస్త్రికి ఇటుకలూ సున్నమూ అందించే పని. పదిమంది సంతానంలో ఆలిస్ ఏడోది. ఏడో పిల్ల అంటే ఏమిటో మన పల్లెల్లో పెద్ద కుటుంబాలు చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. పైవాళ్ల బట్టలు తొడుక్కోవాలి, కిందివాళ్లని చంకనేసుకోవాలి. ఆమెకి పదకొండో ఏడు వచ్చేసరికి, 1870లో, ఇంగ్లండులో ఊరూరా ప్రాథమిక బడులు పెట్టాలని చట్టం వచ్చింది. ప్రతి పిల్లా బడికి వెళ్లి తీరాలన్న నియమం వచ్చింది 1880లో. అప్పటికి ఆమె పనిలో ఉండే వయసుకి వచ్చేసింది.

కూలీ ఇంటి ఆడపిల్లకి ఆ రోజుల్లో కనబడే దారి ఒక్కటే, ఇంకొకరి ఇంట్లో పని. 1881 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు 12 లక్షలకు పైమాటే. ఆడవాళ్లు చేసే ఏ పనిలోనూ అంతమంది లేరు. ఆ లెక్కల్లో ఆలిస్ కూడా ఉంది, చెవి గొంతు జబ్బులు చూసే ఒక డాక్టరు గారింట్లో పనిమనిషిగా. ఒక్క వరుస అంతే. పేరు, వయసు, వృత్తి. ఆమె ఏ పాట పాడుకునేదో, ఏం తినడం ఇష్టమో, ఎవరినైనా పెళ్లాడాలని అనుకుందో ఆ వరుసలో లేదు.

ఆమె అక్క మేరీ ఆన్‌కి 1877లో హెన్రీ చాండ్లర్‌తో పెళ్లయింది. లండన్లో థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న సదర్క్‌లో, యూనియన్ స్ట్రీట్‌లో, ఆయనకి నూనెలూ రంగులూ అమ్మే కొట్టు ఉంది. కింద కొట్టు, పైన కాపురం. 1885 నాటికి ఆ ఇంట్లో నలుగురు పిల్లలు: ఆరేళ్ల హెన్రీ, అయిదేళ్ల ఈడిత్, మూడేళ్ల ఎలెన్, చంటిపిల్ల ఎలిజబెత్. అక్కకి సాయంగా, పిల్లల్ని చూసుకోవడానికి, ఆలిస్ వచ్చి వాళ్లతోనే ఉంది.

అలాంటి ఇంట్లో అలాంటి పిల్లకి రోజు ఎలా గడిచేదో కళ్లకి కట్టుకోవడం కష్టం కాదు. తెల్లవారకముందే లేవాలి. రాత్రి పొయ్యిలో మిగిలిన బూడిద ఎత్తి, ఇనప చట్రానికి నల్లరంగు రుద్ది, కొత్తగా బొగ్గు పేర్చి అంటించాలి. నీళ్ల బిందెలు మెట్లెక్కించాలి, రాత్రి పడకగదుల్లో వాడిన కుండలు దించాలి. దీపాల వత్తులు కత్తిరించి గాజు తుడవాలి. చాకిరేవు రోజున పెద్ద రాగి కాగులో బట్టలు ఉడకబెట్టి, పిండి, ఆరెయ్యాలి. ఈ పనుల మధ్యలోనే చంటిదానికి పాలు, మూడేళ్లదానికి స్నానం, అయిదేళ్లదానికి జడ, ఆరేళ్లవాడి చొక్కాకి ఊడిన బొత్తాం. ఆ రోజుల్లో ఇంగ్లండులో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో సుమారు 150 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. చంటిదాన్ని కళ్లలో వత్తులేసుకుని చూసుకోవడం అంటే అక్కడ మాట వరసకి అనేది కాదు.

ఆమె చనిపోయాక ఇరుగుపొరుగు ఆమె గురించి చెప్పిన నాలుగు మాటలు మిగిలాయి. ఆడంబరం లేని పిల్ల, శుభ్రంగా ఉంటుంది, నెమ్మది, ఏ పని చెప్పినా కాదనదు. ఇరవై అయిదేళ్ల బతుకుకి లోకం దాచిపెట్టిన సాక్ష్యం ఇంతే. మిగతా అంతా ఒక్క రాత్రిదే.

ఆ రాత్రి 1885 ఏప్రిల్ 24. అందరూ పడుకున్నాక కింద కొట్లో నిప్పంటుకుంది. కొట్లో నూనె పీపాలున్నాయి, తుపాకి మందు కూడా ఉంది. చూస్తుండగానే మెట్ల దారి మూసుకుపోయింది. లండన్ అగ్నిమాపక దళం ప్రధాన కార్యాలయం అక్కడికి దగ్గరే. అయినా బండి వచ్చేలోపే మంటలు కొట్టులోంచి వీధిలోకి ఎగిసిపడుతున్నాయి. నిచ్చెన ఆనించే వీలు లేదు.

ఆలిస్ ముగ్గురు ఆడపిల్లలతో పై గదిలో పడుకుని ఉంది. లేచీ లేవగానే ఆమె వెళ్లింది తన అక్క దగ్గరికి. పొగ దాటలేకపోయింది. వెనక్కి వచ్చి కిటికీ తెరిచింది. కింద జనం, దూకమని అరుస్తున్నారు. ఆమె దూకలేదు. మంచం మీది పరుపు లాగి కిటికీలోంచి కిందికి తోసింది. ఈడిత్‌ని ఎత్తుకొచ్చి, చూసి, ఆ పరుపు మీద పడేలా వదిలింది. జనం మళ్లీ అరిచారు, ఇక నువ్వు దూకెయ్ అని. ఆమె లోపలికి పోయింది. ఎలెన్‌ని తెచ్చింది. మూడేళ్ల పిల్ల, పిన్ని మెడ కరుచుకుపోయింది, వదలనంది. దాన్ని విడిపించి కిందికి విసిరింది, జనంలో ఒకరు పట్టుకున్నారు. మూడోసారి లోపలికి పోయి చంటిదాన్ని తెచ్చి పరుపు మీదికి వదిలింది.

అప్పుడు తాను దూకబోయింది. అప్పటికే పొగ ఆమెని కమ్మేసింది. ఒంట్లో సత్తువ లేక, దూకడం కాస్తా జారిపడడం అయింది. కొట్టు ముందుకి పొడుచుకొచ్చిన బోర్డుకి తగిలి, పరుపుకి అవతల బండల మీద పడింది. వెన్నెముక దెబ్బతింది. గైస్ హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. ఎలా ఉందో కనుక్కోమని విక్టోరియా రాణి తన పరివారంలోని స్త్రీని పంపింది. రెండు రోజులు కొట్టుమిట్టాడి, ఏప్రిల్ 26న ఆలిస్ కన్నుమూసింది. నేను చెయ్యగలిగినంతా చేశాను, అంతకు మించి నావల్ల కాలేదు అన్నదట చివరిగా.

మంటలు ఆరాక లోపలికి వెళ్లినవాళ్లకి హెన్రీ చాండ్లర్ మెట్ల మీద, కొట్టు డబ్బుల పెట్టె పట్టుకుని, చనిపోయి కనిపించాడు. మేరీ ఆన్ ఒక కిటికీ దగ్గర, ఆరేళ్ల కొడుకు హెన్రీ ఆమె పక్కన, ఇద్దరూ ప్రాణం లేకుండా ఉన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు తల్లీ. చదివినవాళ్లందరూ ఆమె ధైర్యం దగ్గరే ఆగిపోతారు. నేను ఆ పరుపు దగ్గర ఆగాను. అంత భయంలో, అంత పొగలో, జనం దూకమంటుంటే, ముందు పరుపు వెయ్యాలన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చింది? రోజూ ఆ పరుపు దులిపి, ఎండకి వేసి, మళ్లీ పరిచిన చేతులు అవి. దాని బరువెంతో, కిటికీలో పడుతుందో లేదో ఆ చేతులకి తెలుసు. మెడ కరుచుకున్న మూడేళ్ల పిల్ల వేళ్లు ఎలా విడదియ్యాలో కూడా తెలుసు, నిద్ర వచ్చినప్పుడల్లా ఆ పిల్ల అలాగే కరుచుకుని ఉంటుంది కనుక. ముగ్గురిలో ముందు ఎవరిని, తర్వాత ఎవరిని అన్నది చీకట్లో కూడా తడుముకోలేదు. ఆ రాత్రి ఆమె చూపిన తెగువ ఆకాశం నుంచి ఊడిపడలేదమ్మా. రోజూ పిల్లల్ని ఎత్తీ దించీ, కడిగీ తుడిచీ అలవాటైన పనిలోంచే వచ్చింది. ఎవరూ చూడని వెయ్యి రోజుల చాకిరీ ఒక్క రాత్రి వెలుగులో జనానికి కనబడింది.

తర్వాత జరిగింది చెప్తాను, అసలు నేనీ ఉత్తరం రాస్తున్నది దాని కోసమే.

అమ్మానాన్నల ఇంటి నుంచి ఐజిల్‌వర్త్ శ్మశానానికి ఆమె శవపేటికను పదహారు మంది అగ్నిమాపక దళం వాళ్లు మార్చుకుంటూ మోశారు. ఊరి బడి ఆడపిల్లలు ఇరవై మంది తెల్లబట్టలు కట్టుకుని వెంట నడవాల్సింది, వడగళ్ల వాన కురిసి ఆగిపోయారు. సదర్క్‌లో సెయింట్ సేవియర్స్ చర్చి ఉంది, ఇప్పుడు దాన్నే సదర్క్ కెథడ్రల్ అంటున్నారు. అక్కడ ప్రార్థనకి జనం పట్టలేదు. అందరూ చందాలేసుకుని సమాధి మీద 14 అడుగుల స్తంభం నిలబెట్టారు. 1878లో ఈజిప్టు నుంచి తెచ్చి థేమ్స్ ఒడ్డున పెట్టిన క్లియోపాట్రా స్తంభాన్ని చూసి అదే తీరులో చెక్కించారు. మనం చూసింది అదే.

రెండేళ్లకి, 1887లో, విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండిన పండుగ వచ్చింది. జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్ అనే పేరున్న చిత్రకారుడు టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశాడు. రాజులకీ సేనాపతులకీ విగ్రహాలున్నాయి, ఇతరుల కోసం ప్రాణమిచ్చిన మామూలు మనుషుల పేర్లు కూడా ఒకచోట పొందుపరచాలి అని అందులో కోరాడు. ఉదాహరణగా ఎత్తిన పేరు ఆలిస్‌దే. అప్పట్లో ఎవరూ ముందుకి రాలేదు. చివరికి తానే పూనుకుని 1900లో లండన్ నడిబొడ్డున పోస్ట్‌మన్స్ పార్క్‌లో ఒక చిన్న పంచ వేయించి, గోడకి పింగాణీ పలకలు అతికించడం మొదలుపెట్టాడు. ఆ పలకలు విలియం డి మోర్గన్ చేశాడు. 1902లో ఆలిస్ పేరు అక్కడికెక్కింది. పేదల ఇళ్ల కోసం పాటుపడిన ఆక్టేవియా హిల్ సదర్క్‌లో కట్టించిన రెడ్ క్రాస్ హాలు గోడ మీద వాల్టర్ క్రేన్ ఆమె బొమ్మ వేశాడు. 1936లో ఆ దాపునే ఒక వీధికి ఆమె ఇంటిపేరు పెట్టారు. నువ్వు చూశానన్న 'క్లోజర్' సినిమాలో ఆ అమ్మాయి తన పేరని చెప్పుకునే ఆలిస్ ఎయిర్స్, ఆ పార్కు గోడ మీది పేరే.

ఇంత గౌరవం జరిగింది కదా, ఇంకేం కావాలి అంటావేమో. జరిగిన గౌరవంలోనే ఒక అన్యాయం ఉంది.

వాట్స్ తన ఉత్తరంలో ఆమె గురించి ఏమని రాశాడో తెలుసా? నూనె కొట్టువాళ్లింట్లో అన్ని పనులూ చేసే పనిమనిషి, యజమాని పిల్లల్ని కాపాడి ప్రాణం పోగొట్టుకుంది అని. పార్కులో పలక మీద ఆమె తాపీపని కూలీ కూతురని ఉంది, కాలుతున్న ఇంట్లోంచి ముగ్గురు పిల్లల్ని రక్షించిందని ఉంది. మనం చూసిన స్తంభం మీద ఆమెకి అప్పగించిన పిల్లల్ని కాపాడింది అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. తండ్రి వృత్తి రాశారు, పిల్లల లెక్క రాశారు. ఆ పిల్లలు తన అక్క పిల్లలని ఎక్కడా రాయలేదు. అప్పటి పత్రికలూ, ఆ తర్వాత కథలు రాసినవాళ్లూ చాలామంది అదే బాట పట్టారు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకున్నారు. ఇళ్లల్లో పనివాళ్లని పెట్టుకున్నవాళ్లకి, దొరల పిల్లల కోసం ప్రాణాలిచ్చిన నమ్మకస్తురాలైన పనిమనిషి కథ ఇంపుగా తోచింది. కష్టజీవుల పక్షాన మాట్లాడేవాళ్లకి, కూలీ బిడ్డ గొప్పతనం కథ పనికొచ్చింది. ఆమె ఎవరన్నది ఎవరికీ అవసరం లేకపోయింది.

మన భాషలో అయితే ఆ పొరపాటు జరగడానికే వీల్లేదమ్మా. ఇంగ్లీషులో అమ్మ అక్కా, అమ్మ చెల్లెలూ, నాన్న అక్కచెల్లెళ్లూ అందరూ ఒక్క 'ఆంట్' మాటలోనే ఒదిగిపోతారు. వీధిలో పోయే పరాయి ఆవిణ్ణీ ఇప్పుడు అదే మాటతో పిలుస్తున్నాం. మనకి పిన్ని అన్న మాట ఉంది. పినతల్లి, అంటే చిన్న తల్లి. తెలంగాణలో చిన్నమ్మ అంటారు. ఏ ప్రాంతంలో పలికినా ఆ పిలుపులో తల్లి ఉంది. ఎలెన్ ఆ రాత్రి పనిమనిషి మెడ కరుచుకోలేదు, పిన్ని మెడ కరుచుకుంది.

ఆ ఒక్క మాట ఎగిరిపోవడంతో ఎంత పోయిందో చూడు. పనిమనిషి అనగానే ఆమె చేసింది విధేయత అయింది. పిన్ని అంటే అది ప్రేమ. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆ రాత్రి ఆలిస్ తన అక్కని పోగొట్టుకుంది, బావని పోగొట్టుకుంది, ఆరేళ్ల కొడుకులాంటివాణ్ణి పోగొట్టుకుంది. పొగ దాటి అక్క దగ్గరికి పోలేక వెనక్కి తిరిగిన ఆ క్షణం ఆమె గుండెలో ఏమయిందో! ఆ జాన్ ఎయిర్స్ దంపతులు ఒక్క మంటలో ఇద్దరు కూతుళ్లని పోగొట్టుకున్నారు. పనిమనిషి త్యాగం అని రాసిన కథలో ఈ దుఃఖానికి చోటు లేదు. ఆమెని పొగిడారే తప్ప పరామర్శించలేదు.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు మా పిన్ని కళ్ల ముందు నిలబడింది. నీకు ఆవిడ గురించి ఎప్పుడూ చెప్పలేదు.

మా పిన్ని మా అమ్మకి చెల్లెలు. పసితనంలో పెళ్లి చేశారు, కాపురానికి వెళ్లకముందే భర్త పోయాడు. అప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంది. మేం ఆరుగురం పిల్లలం. అమ్మకి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. మమ్మల్ని పెంచింది పిన్నే. నాలుగింటికి లేచి పాలు పితికేది, దాలిలో పాలు కాచేది, మడి కట్టుకుని వండేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని లాంతరు చిమ్నీలు ముగ్గు పెట్టి తుడిచేది. కిరసనాయిలు వాసన వస్తే నాకు ఇప్పటికీ పిన్ని చేతులే గుర్తొస్తాయి. మా తమ్ముడికి మశూచి పోసినప్పుడు ఇరవై రోజులు వాడి మంచం పక్కన వేపమండతో విసురుతూ కూర్చుంది. నేను టీచర్ ట్రైనింగ్‌కి వెళ్తానంటే ఇంట్లో అందరూ వద్దన్నారు, తన చేతి గాజులు తీసి నాన్న ముందు పెట్టి, పంపమంది. నీకు అమ్మమ్మ టీచరు కావడం వెనక ఉన్నది ఆ రెండు గాజులు.

ఆవిడ పోయినప్పుడు మరణం నమోదు చేయించడానికి మా అన్నయ్యా నేనూ వెళ్లాం. పేరేమిటని అక్కడి గుమాస్తా అడిగాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాకు పిన్ని. అమ్మకి చెల్లి. నాన్నకి మరదలు. వీధిలో వాళ్లకి పిన్నిగారు. నలభై ఏళ్లు ఒక ఇంట్లో కలిసి తిన్నాం, ఆవిడ పేరు మాకు తెలియదు. అప్పటికి అమ్మా నాన్నా లేరు. అన్నయ్య ఎప్పుడో విన్నట్టు గుర్తున్న ఒక పేరు చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. ఏడాది తర్వాత అమ్మ భోషాణం అడుగున ఒక పాత శుభలేఖ దొరికింది, అంచుల్లో పసుపు ఇంకా ఉంది. అందులో ఉంది పిన్ని అసలు పేరు. మేం రాయించింది అది కాదు. ఆ తప్పు పేరుతోనే ఆవిడ ఇప్పటికీ ఆ రిజిస్టరులో ఉంది. ఆ తప్పు మాదే. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు కంట నీరాగదు.

చూశావా తల్లీ, ఆలిస్ విషయంలో పేరు నిలిచింది, పిన్ని అన్న పిలుపు పోయింది. మా ఇంట్లో పిన్ని అన్న పిలుపు నిలిచింది, పేరు పోయింది. ఎవరికైనా ఆ రెండూ ఉంటేనే మనిషి నిండుగా మిగిలినట్టు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండులో 1837 నుంచి చావుపుట్టుకలు ప్రభుత్వం రిజిస్టరు చేసింది. 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు రాసి, ఆ కాగితాలు దాచింది. అందుకే ఒక కూలీ ఇంటి ఏడో పిల్లని నూటనలభై ఏళ్ల తర్వాత తెనాలిలో కూర్చుని నేను వెతుక్కోగలిగాను. ఆలిస్ పేరు లెక్కల్లోకెక్కిన 1881లోనే మన దేశంలోనూ జనాభా లెక్కలు తీశారు. మన ముత్తవ్వల ముత్తవ్వలు కూడా అందులో ఉన్నారు, కానీ అంకెలుగా ఉన్నారు. ఫలానా జిల్లాలో ఇంతమంది ఆడవాళ్లు, అంతే. పేర్లున్న కాగితాలు మనకి మిగల్లేదు. మన ఆడవాళ్ల జీవితాలు వెతకడానికి మనకి ఆ రిజిస్టర్లు లేవు. ఉన్నది మన జ్ఞాపకం ఒక్కటే. అది తెలిసినవాళ్లు బతికున్నంతవరకే ఉంటుంది.

ఇప్పుడు నీ మాటకొస్తాను. "చెప్పుకోవడానికేముంది" అన్నావు. ఉద్యోగం వస్తుందమ్మా. నీ చదువు వృథా పోదు, దాని కోసం నువ్వు చేసే ప్రయత్నం ఆపొద్దు. నీ చదువు పక్కన పెట్టి పిల్లల్ని పెంచుకుంటూ ఉండిపొమ్మని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మా పిన్నికి ఇంకో దారి లేక మా ఇంట్లో ఉంది. ఆలిస్‌కీ దాదాపు అంతే. నీకు దారులున్నాయి, నువ్వు వాటిలో నడవాలి. వాళ్లకి దక్కనిది నీకు దక్కాలనే నా కోరిక. మీ అక్కకి కూడా ఈ మాట చెప్తాను, చెల్లెలు చేసే సాయాన్ని చేతికి దొరికింది కదా అని వాడుకోకూడదు, దానికి విలువ కట్టి, నీకూ వేళ మిగల్చాలి అని.

కానీ ఈ నెలల్లో నువ్వు చేస్తున్నది ఏమీ కాదని మాత్రం అనుకోకు. ఆ పిల్లాడు నీ చేత్తో పెడితేనే అన్నం తింటాడని మీ అక్క చెప్పింది. చంటిదానికి జ్వరం వచ్చిన రాత్రి నువ్వు తెల్లవార్లూ భుజాన వేసుకుని తిరిగావట. ఇవి ఎవరూ ఏ రాతి మీదా చెక్కరు. వీటికి విలువ రావడానికి ఇల్లు తగలబడనక్కర్లేదు కూడా. లోకం ఆలిస్‌ని చూడడానికి ఆమె చావు కావలసి వచ్చింది. ఆ ఇరవై అయిదేళ్లలో ఎవరైనా ఆమె పక్కన కూర్చుని, ఏమ్మా ఇవాళ ఏం చేశావు అని అడిగి, చెప్పింది రాసిపెట్టి ఉంటే, మనకి ఇవాళ ఒక నిండు మనిషి దొరికి ఉండేది. ఒక మంట మాత్రమే దొరికింది.

అందుకని నీకు మూడు పనులు చెప్తున్నాను, అమ్మమ్మ మాట కాదనకుండా చెయ్యి.

ఒకటి, ఒక నోటు పుస్తకం తీసుకుని రోజూ పడుకునే ముందు ఆ రోజు ఏం చేశావో నాలుగు వాక్యాలు తెలుగులో రాయి. గొప్ప సంగతులు అక్కర్లేదు. పిల్లాడు కొత్తగా ఏ మాట పలికాడు, నువ్వేం వండావు, ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టావు, ఎందుకు ఏడుపొచ్చింది, అంతే.

రెండు, నీ ఫోనులో ఉన్న మన ఇంటి ఆడవాళ్ల ఫొటోలు వెతికి, ఒక్కొక్కరి పూర్తి పేరు, పుట్టిన ఊరు, నీకు ఏమవుతారో రాసి ఉంచు. తెలియనివి నన్నడుగు. నేనున్నప్పుడే అడుగు.

మూడు, ఏదైనా సెలవు రోజున పిల్లల్ని తీసుకుని మళ్లీ ఐజిల్‌వర్త్ వెళ్లు. ఒక పువ్వు కొనుక్కెళ్లు. ఆ ఎర్ర రాయి ముందు నిలబడి పిల్లాడికి చెప్పు, ఈవిడ పేరు ఆలిస్, ఈవిడ తను కాపాడిన ముగ్గురు పిల్లలకి పిన్ని అని. వాడికి పిన్ని అంటే ఏమిటో నువ్వు చెప్పనక్కర్లేదు, వాడికి తెలుసు. ఆ రాతి మీద నూటనలభై ఏళ్లుగా లేని మాట వాడి నోటితో ఒక్కసారి అక్కడ వినబడనీ.

ఈ కవరులో ఇంకో కాగితం పెట్టాను. అందులో మా పిన్ని అసలు పేరు, ఆవిడ పుట్టిన ఊరు, పోయిన తేదీ, నాకు గుర్తున్న ఆవిడ పనులన్నీ నా చేత్తో రాశాను. జాగ్రత్తగా దాచుకో. నా తర్వాత అది నీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.

చలిగా ఉంటుంది, చెవులకి గుడ్డ కట్టుకో. పిల్లలకి నా ముద్దులు. మీ అక్కకీ, బావకీ ఆశీస్సులు.

ఇట్లు,
నీ అమ్మమ్మ